గోడ మీది చిన్న మీటరు

ఇల్లు సగం ఎగిరిపోయింది. గ్యాస్ మీటరు మాత్రం గోడకు చెక్కుచెదరకుండా ఉంది.

డిటెక్టివ్ బెర్నడెట్ జిలిన్‌స్కీ ఆ మీటరు ముందు మంచులో మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపయింది. ఆమె వెనక నిలబడ్డ ప్లంబర్ ఎమ్మెట్ సోర్లీ ఈ కాలి మీంచి ఆ కాలి మీదకు బరువు మార్చుకుంటున్నాడు. అది చలికి కాదని ఆమెకు తెలుసు.

"సోర్లీ గారూ, ఈ ఇంటికి కరెంటు పోతే గ్యాస్‌తో దానికదే నడిచే జనరేటర్ బిగించింది మీరేనా?"

"నేనేనండీ. అక్టోబర్‌లో."

"అంత పెద్ద జనరేటర్ని ఇంత చిన్న మీటరుకి తగిలించారా?"

"చిన్న మీటరేంటండీ?" సోర్లీ ముందుకొచ్చి వంగి చూశాడు. చూసినవాడు చూసినట్టే ఉండిపోయాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఇది కాదండీ. ఇది ఆ మీటరు కాదు."

"దొరికిపోయినవాళ్ళంతా అదే మాటంటారు."

"నా పిల్లల మీద ఒట్టు! జనరేటర్ పెడుతున్నామని కంపెనీకి నేనే రాశాను. వాళ్ళొచ్చి పాతది పీకి పెద్దది పెట్టి వెళ్ళారు. గుమ్మడికాయంత ఉండేది. నా కళ్ళతో చూశాను."

బెర్నడెట్ అతని కళ్ళలోకి చూసింది. అబద్ధాలు చెప్పేవాళ్ళను పంతొమ్మిదేళ్ళుగా చూస్తోంది. వాళ్ళు సాధారణంగా ఆమె వంక చూస్తూ మాట్లాడతారు. సోర్లీ చూపు మీటరు మీంచి కదలడం లేదు. దాన్ని చూసి భయపడుతున్నాడు.

ఇక్కడ జరిగిందిది. అమెరికాలోని ఈరీ సరస్సు ఒడ్డున కాల్డర్ అనే ఈ ఊళ్ళో, ఆదివారం మధ్యాహ్నం, మారింగోలాల ఇల్లు పేలింది. బేస్‌మెంట్‌లో ఆల్డో మారింగోలా చనిపోయాడు. అతని అక్క ఫిలోమినా పక్కింట్లో ఉండబట్టి బతికింది. బతికి ఏం సుఖం? పొయ్యి మీద టొమాటో సాస్ పెట్టి, మంట ఆరిపోయినా చూసుకోకుండా పెత్తనాలకు పోయి తమ్ముణ్ణి చంపుకున్నానని ఆమె తన నోటితోనే ఒప్పుకుంది. ఈ సాయంత్రం ఐదింటికి కోర్టులో జడ్జి ముందు ఆ మాటే రాసి సంతకం పెట్టబోతోంది. పెట్టిందంటే డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి తమ్ముణ్ణి చంపిన నేరం మోసుకుంటూ మిగతా బతుకు ఈడ్వాలి.

బెర్నడెట్‌కు అది మింగుడు పడలేదు. ఫిలోమినా ఆమెకు కొత్త కాదు. రెండేళ్ళుగా నెల తప్పకుండా స్టేషనుకు వస్తుంది. ఫిలోమినా కజిన్ నున్జియో కార్బో భార్య లొరెయిన్ ఒక చలికాలం పొద్దున ఇంట్లోంచి వెళ్ళిపోయింది. ఫ్లోరిడాకు పోయింది, నేనంటే విసిగిపోయిందని నున్జియో చెప్పాడు. ఊరంతా నమ్మింది. ఫిలోమినా నమ్మలేదు. "లొరెయిన్ నాకు చెప్పకుండా పక్క వీధికి కూడా పోదమ్మా" అంటుంది ప్రతిసారీ. ఆమెను చూడగానే స్టేషన్లో అందరికీ ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. బెర్నడెట్ ఒక్కతే కూర్చుని వింటుంది. వినడమే తప్ప చేసిందేమీ లేదు, ఆ సంగతి ఆమెను అప్పుడప్పుడూ గుచ్చుతూనే ఉంటుంది.

అలాంటి మనిషి, రెండేళ్ళుగా ఒక్క మాట మర్చిపోని మనిషి, పొయ్యి మర్చిపోతుందా?

"సరే, నాకర్థమయ్యేలా చెప్పండి," అంది సోర్లీతో. "చిన్న మీటరుంటే ఏమవుతుంది?"

"జనం మీటరంటే లెక్కపెట్టే డబ్బా అనుకుంటారండీ. అది గుమ్మం. ఇంట్లోకి వెళ్ళే గ్యాసంతా దాంట్లోంచే దూరాలి. ఈ చిన్నది గంటకి రెండొందల యాభై ఘనపుటడుగులు వదుల్తుంది. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు, వేణ్ణీళ్ళ ట్యాంకు, ఒక పొయ్యి, బట్టలారబెట్టే మెషిను, వీటికి చాలు. జనరేటర్ ఒక్కటే అంతకంటే ఎక్కువ తాగుతుంది. అన్నీ ఒకేసారి మొదలయ్యాయనుకోండి, గుమ్మం దగ్గర తొక్కిసలాటే."

"తొక్కిసలాటలో ముందు పడిపోయేది ఎవరు?"

"బక్కవాళ్ళండీ. అంటే సన్నగా వెలిగే మంట. ప్రెజర్ పడిపోగానే అది ఆరిపోతుంది. ఫర్నేసు, ట్యాంకు అయితే మంట లేదని వాటికవే గ్యాస్ కట్టేసుకుంటాయి. పొయ్యికి ఆ తెలివి లేదు. జనరేటర్ ఆగాక ప్రెజర్ మళ్ళీ వస్తుంది. గ్యాస్ వస్తూనే ఉంటుంది, మంటుండదు."

"సన్న సెగ మీద సాస్ ఉడుకుతుంటే?"

"ముందు ఆరేది అదేనండీ," అన్నాడు సోర్లీ.

"బేస్‌మెంట్ పొయ్యి కూడా లెక్క వేశారా, కంపెనీకి రాసినప్పుడు?"

"బేస్‌మెంట్‌లో పొయ్యేంటండీ? పొయ్యిలెన్ని అంటే ఒకటే అన్నారు ఆల్డో గారు. పైన వంటింట్లో చూశాను. అద్దంలా మెరుస్తోంది."

బెర్నడెట్ ఆ పరిస్థితిలోనూ నవ్వు ఆపుకోలేకపోయింది. మెరవక ఏం చేస్తుంది? దాని మీద ఏనాడైనా వండితే కదా! ఈ వీధిలో ఇటలీ వాళ్ళ ఇళ్ళన్నీ అంతే. పైన వంటిల్లు చుట్టాలకు చూపించడానికి. అసలు వంటంతా కింద, బేస్‌మెంట్‌లో, అమ్మమ్మల కాలం నాటి పొయ్యి మీద. వంటిళ్ళెన్ని అని అడిగితే మాత్రం ఒకటే అంటారు. వాళ్ళ మనసులో కిందది వంటిల్లు కాదు, కేవలం 'కింద'. అందుకే ఏ ప్లంబరుకీ, ఏ కంపెనీకీ ఆ పొయ్యి సంగతి తెలియదు. ఆ కింది బల్ల దగ్గర కూర్చుని తిన్నవాళ్ళకే తెలుస్తుంది.

ఆ ఆలోచన రాగానే ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఏం బెర్నీ, మీటరుతో కబుర్లా? ఏమంటోంది?"

వేడ్ ప్రూట్. కౌంటీ అగ్నిప్రమాదాల పరిశోధకుడు. మెడలో ఖరీదైన మఫ్లరు, చేతిలో కాఫీ కప్పు. ఫిలోమినా చేత నేరం ఒప్పించింది ఈయనే. కేసు తేల్చడంలో ఈయనంత వేగం ఎవరికీ లేదు. తప్పుగా తేల్చడంలో కూడా.

"నీ గురించే అడుగుతోంది," అంది బెర్నడెట్. "నాలుగు రోజులు నా ముందు నుంచే తిరిగాడు, ఒక్కసారి పలకరించలేదేం అంటోంది."

"పేలింది లోపల. మీటరు బయట. శిథిలాల్లో పొయ్యి దొరికింది, తిప్పుడు బిళ్ళ తెరిచే ఉంది. ముసలావిడ మర్చిపోయింది. ఆవిడే ఒప్పుకుంది. ఇంకేం కావాలి నీకు?"

"కంపెనీ వాళ్ళు అక్టోబర్‌లో పెద్ద మీటరు పెట్టారట. ఇది చిన్నది. ఎలా వచ్చింది?"

"ఎలా రావడమేంటి? అసలు మార్చి ఉండరు. కాంట్రాక్టు కుర్రాళ్ళు 'పని అయిపోయింది' అని రాసుకుని ఇంటికి పోతారు. కాగితం మీద పెద్దది, గోడ మీద చిన్నది. నేను గోడనే నమ్ముతా."

"నేనూ గోడనే నమ్ముతున్నా. ఇలా వంగు. నడుం విరిగిపోదులే."

ప్రూట్ విసుక్కుంటూనే వంగాడు. ఇంటి గోడ బూడిద రంగు. మీటరు వెనక మాత్రం పాత ఆకుపచ్చ రంగు మచ్చలా మిగిలిపోయింది.

"నవంబర్‌లో ఆల్డో తనే రంగు వేసుకున్నాడు. పక్కింటావిడ చెప్పింది," అంది బెర్నడెట్.

"మీటరు వెనకాల బ్రష్ పెట్టలేదు. బద్ధకస్తుడు. అయితే?"

"బద్ధకస్తుడు అందినంత మేర వేస్తాడు, అందనిది వదిలేస్తాడు. ఈ మీటరు చుట్టూ జానెడు జానెడు ఎందుకొదిలాడు? ఇక్కడ నా చెయ్యి సుబ్బరంగా పడుతోంది, చూడు. అతను రంగు వేసినప్పుడు ఇక్కడున్నది దీనికి రెండింతలుంది ప్రూట్. ఆ మచ్చ దాని నీడ."

ప్రూట్ ఆ మచ్చ మీద వేలు పెట్టి చూశాడు. ఆమె వదల్లేదు.

"ఈ రెండు గొట్టాలు చూడు. ఒకటి వీధిలోంచి వచ్చేది, ఒకటి ఇంట్లోకి పోయేది. పెద్ద మీటరుకి తగ్గట్టు ఎడంగా ఉన్నాయి. చిన్నది అందక, మధ్యలో ఈ వంకర ముక్కలు పెట్టి అతికించారు. ముక్కలు కొత్తవి. కంపెనీ సీలు లేదు. ఎవడో పెద్దది పీకి చిన్నది పెట్టాడు. గుమ్మాన్ని కావాలనే ఇరుకు చేశాడు."

"రంగు మచ్చలూ వంకర ముక్కలూ కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పవు బెర్నీ. ముసలావిడ చెప్తుంది. ఐదింటికి." ప్రూట్ కాఫీ గుటక వేశాడు. "అయినా చిన్న మీటరుతో మనిషిని చంపడమేంటి? జనరేటర్ నడిస్తే కదా నీ తొక్కిసలాట? కరెంటు పోతే కదా జనరేటర్ నడిచేది? ఆదివారం ఈ వీధిలో కరెంటు పోలేదు. నేను కనుక్కున్నా."

అది నిజంగానే అడ్డుగోడ. బెర్నడెట్ దాని ముందు తల బాదుకుంటుండగానే వీధిలో ఒక ట్రక్కు వచ్చి ఆగింది.

నున్జియో కార్బో ముందు దిగి, చుట్టూ తిరిగివచ్చి, ఫిలోమినాను చెయ్యి పట్టుకుని దింపాడు. అరవై దాటిన మనిషి, వెడల్పాటి భుజాలు, మెత్తటి మాట. ఇల్లు పోయిన రోజు నుంచి ఆమె అతని ఇంట్లోనే ఉంటోంది. పాపం, పెళ్ళాం వదిలేసిపోయిన మనిషి, అయినా కజిన్‌కి నీడ ఇచ్చాడని ఊళ్ళో పేరు.

"మా ఆల్డో నీలం సూటు కోసం వచ్చానమ్మా," అంది ఫిలోమినా. నాలుగు రోజుల్లో సగమైపోయింది. "ఎల్లుండి వాణ్ణి దాంట్లోనే పంపించాలి. పై గదిలో బీరువా ఇంకా ఉందట కదా."

బెర్నడెట్ కానిస్టేబుల్‌ను పైకి పంపింది. ఫిలోమినాను తన కారులో, వెచ్చగా ఉన్న చోట కూర్చోబెట్టి తలుపు తెరిచే ఉంచింది. నున్జియో టోపీ చేత్తో పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"ఆవిణ్ణి మళ్ళీ ఎందుకు ఏడిపిస్తావు?" అన్నాడు ప్రూట్.

"నువ్వు ఏడిపించినంత సేపు ఏడిపించనులే. ఫిలోమినా గారూ, ఆదివారం సాస్ ఎప్పుడు పెట్టారు?"

"చర్చికి వెళ్ళకముందే. సాయంత్రం దాకా సన్న సెగ మీద ఉడకాలి. మా అమ్మ అంతే, నేనూ అంతే."

"మంట ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"ఒంటిగంటన్నరకి కలిపి మూత పెట్టా. నీలంగా, సన్నగా ఉంది. ఉందనే అనుకున్నా." ఆమె ప్రూట్ వైపు భయంగా చూసింది. "ఆయన పదిసార్లు అడిగేసరికి నాకే అనుమానమొచ్చింది తల్లీ. ముసలితనం కదా, ఏమో, చూడలేదేమో."

"తర్వాత?"

"పక్కింటి టెస్మర్ వాళ్ళావిడకి పిజ్జెల్లె బిస్కెట్లు ఇద్దామని వెళ్ళా. టీవీలో ఆట చూద్దాం కూర్చోమంది. కూర్చున్నా. ఆ కూర్చోవడమే నా కొంప ముంచింది."

"టీవీ మధ్యలో ఆగిందా?"

"లేదే. చక్కగా వచ్చింది. మా జనరేటర్ గుర్రుమంటుంటే, టీవీ సౌండు పెంచింది కూడా."

ప్రూట్ కాఫీ కప్పు గాల్లోనే ఉండిపోయింది.

"మీ జనరేటర్ నడిచిందా? పక్కింట్లో కరెంటు ఉండగానే?" అంది బెర్నడెట్.

"పావుగంట నడిచి ఆగింది. వారానికోసారి దానికదే తిరిగి చూసుకుంటుంది కదా, అదే అనుకున్నా."

"ఆ పరీక్ష బుధవారానికి పెట్టానండీ," అన్నాడు సోర్లీ వెనకనుంచి. "ఆదివారం తిరగదు. తిరిగిందంటే ఈ ఇంటికొక్కదానికే కరెంటు పోయి ఉండాలి."

అందరి కళ్ళూ ఒకేసారి గోడ వైపు తిరిగాయి. మీటరుకు రెండు బారల దూరంలో కరెంటు పెట్టె, దానికి బయటి నుంచి లాగే పిడి. ఎవడైనా వచ్చి ఆ పిడి కిందికి లాగితే చాలు, ఇంటికి కరెంటు తెగుతుంది. జనరేటర్ లేస్తుంది. ఇరుకు గుమ్మం దగ్గర తొక్కిసలాట మొదలవుతుంది. పావుగంట తర్వాత పిడి మళ్ళీ పైకి తోసి, చేతులు దులుపుకుని నడిచి వెళ్ళిపోవచ్చు. తాళం విరగలేదు, అద్దం పగలలేదు, ఇంట్లో అడుగు పెట్టలేదు.

"ఆల్డో కిందికి ఎందుకెళ్ళాడు?"

ఫిలోమినా ముఖం ముడుచుకుపోయింది. "రొట్టె ముక్క సాస్‌లో ముంచుకు తినడానికి. నేను లేనప్పుడే వెళ్తాడు దొంగసచ్చినోడు. నేనుంటే గరిటెతో కొడతానుగా. జబ్బు చేసినప్పటి నుంచి వాడికి వాసన తెలీదు తల్లీ. గ్యాస్ నిండినా తెలీదు, మంట లేదని అగ్గిపుల్ల గీసుంటాడు. ఒక్కసారి తినేసిపోరా అని నేనే అనుంటే వాడి ప్రాణం పోయేదా?" చేతి తొడుగుతోనే కళ్ళు ఒత్తుకుంది. బెర్నడెట్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అయినా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది.

"మామూలుగా ఆదివారం మధ్యాహ్నం కింద ఎవరుంటారు?"

"ఇంకెవరు, నేనే. పొద్దున్నించీ పడుకునేదాకా."

గురి పెట్టింది ఆల్డోకు కాదు. రొట్టె ముక్క కోసం వెళ్ళినవాడు ఆమె చావు చచ్చాడు. ఆ సంగతి ఫిలోమినాకు ఇంకా తట్టలేదు. తట్టకపోవడమే మంచిదనుకుంది బెర్నడెట్.

"శనివారం ఏమైనా తేడాగా అనిపించిందా?"

"శనివారం నేనూ ఆల్డో బాప్టిజం విందుకెళ్ళాం. వచ్చేసరికి కింద పొయ్యికి ఎప్పుడూ వెలిగే చిన్న మంటలు మూడూ ఆరిపోయున్నాయి. గాలికేమోలే అని అగ్గిపుల్లతో వెలిగించుకున్నా."

"కిటికీలు మూసిన బేస్‌మెంట్‌లో గాలేంటండీ!" సోర్లీ ఆగలేకపోయాడు. "గ్యాస్ కట్టేస్తేనే అవి ఆరేది. మీటరు మార్చాలంటే ముందు గ్యాస్ కట్టెయ్యాలి. శనివారమే మార్చేశాడండీ ఎవడో!"

నోరు అదుపులో లేకపోతే ఊరు పగవుతుందంటారు. బెర్నడెట్ చురచురా చూసింది, కానీ మాట బయటపడిపోయింది. నున్జియో టోపీ అంచును వేళ్ళతో నెమ్మదిగా తిప్పుతున్నాడు.

"మీరేమంటారు కార్బో గారూ?" అని అడిగింది.

"నన్నడిగితే ఏం చెప్తానండీ. మీటర్లూ గొట్టాలూ నాకేం తెలుసు?" అతని గొంతు ఎప్పటిలా మెత్తగా ఉంది. "ఫిలోమినాని ఇంకా కష్టపెట్టకండి. ఒప్పుకున్నది ఒప్పుకుంది. ఆ సంతకమేదో పెట్టేస్తే దాని మనసు కుదుటపడుతుంది. నేనే దగ్గరుండి కోర్టుకి తీసుకెళ్తాను."

కానిస్టేబుల్ నీలం సూటు తెచ్చి ఇచ్చాడు. ఫిలోమినా దాన్ని పసిబిడ్డను పొదువుకున్నట్టు పొదువుకుంది.

"ఐదింటి దాకా ఇంట్లోనే ఉండండి," అంది బెర్నడెట్. "సంతకం పెట్టే ముందు నేనొస్తాను. నేను రాకుండా పెట్టకండి. కార్బో గారూ, జాగ్రత్తగా చూసుకోండి."

అతను తల ఊపాడు. ట్రక్కు మలుపు తిరిగి కనిపించకుండా పోయింది.

"ఒప్పుకుంటున్నా," అన్నాడు ప్రూట్, పన్ను పీకించుకుంటున్నవాడిలా. "జనరేటర్ సంగతి నేను అడగలేదు. కానీ ఎవడు? ఒక ముసలావిణ్ణి చంపాల్సిన అవసరం ఎవడికుంది?"

"ఎవడికి అవసరమో తెలీదు. ఎలాంటివాడో తెలుసు. ఆ కింది పొయ్యి సంగతి తెలిసినవాడు. ఆ బల్ల దగ్గర తిన్నవాడు." బెర్నడెట్ జేబులోంచి చాకు తీసి మీటరు ముందు మళ్ళీ కూర్చుంది. దాని నుదుటి మీది రేకు మసి పట్టి నల్లగా ఉంది. చాకు మొనతో గీకితే అంకెలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. "ప్రతి మీటరుకీ ఒక నంబరుంటుంది. ఇది ఆకాశంలోంచి ఊడిపడలేదుగా. ఎక్కడో ఒక గోడ మీంచి వచ్చింది."

గ్యాస్ కంపెనీకి ఫోన్ చేసి నంబరు చదివింది. అవతల ఒక అమ్మాయి ఆగమని చెప్పి పాట పెట్టింది.

సోర్లీ ఇంకా రోడ్డు మలుపు వైపే చూస్తున్నాడు. "విచిత్రంగా ఉందండీ," అన్నాడు.

"ఏంటి?"

"మీటర్లూ గొట్టాలూ నాకేం తెలుసంటాడేంటండీ ఆయన? ఈ ఊళ్ళో సగం గ్యాస్ లైన్లు వేసింది నున్జియో గారే కదా. రిటైరయ్యేదాకా ఆయనే మేస్త్రీ. నాకు పని నేర్పినాయనకి పని నేర్పింది ఆయన."

బెర్నడెట్ చెవి దగ్గర పాట ఆగింది.

"సారీ మేడమ్, ఆలస్యమైంది. ఈ నంబరు మీటరు మారింగోలా వాళ్ళది కాదండీ. టానరీ రోడ్డులో ఇంకో ఇంటిది. ఇప్పటికీ అక్కడే ఉన్నట్టు చూపిస్తోంది. కస్టమర్ పేరు ఎన్. కార్బో."

తన ఇంటి గోడ మీంచే ఊడదీసి తెచ్చాడు. ఇక్కడి పెద్దది తన గోడకు తగిలించుకుని ఉంటాడు. పేలుడుకు ఈ గోడ కూలిపోతుంది, మీటరు శిథిలాల్లో కలిసిపోతుంది, ఎవడు చూడొచ్చాడు అనుకున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. గోడ కూలలేదు. చుట్టూ పోలీసు టేపు కట్టడంతో తిరిగి మార్చే వీల్లేకపోయింది.

ప్రూట్ కాఫీ కప్పు మంచులో పడేసి తన కారు వైపు పరుగెత్తాడు.

బెర్నడెట్ అక్కడే ఫిలోమినా నంబరు నొక్కింది. నెలనెలా వచ్చి లొరెయిన్ ఎక్కడ, లొరెయిన్ ఎక్కడ అని అడిగే ఒకే ఒక్క గొంతు. లొరెయిన్ ఏమైందో బయటపడకుండా దాన్ని నొక్కేయడానికి ఇంత చేశాడు. ఒకసారి తప్పింది. ఇప్పుడైతే మరీ సులువు. తమ్ముణ్ణి చంపుకున్నానని ఊరంతటికీ చెప్పుకున్న ముసలిది, ఆ దుఃఖం భరించలేక ఏ అఘాయిత్యమో చేసుకుందంటే ఎవరు అనుమానిస్తారు? సంతకం పెట్టకపోయినా ఫరవాలేదు. ఒప్పుకున్న మాట చాలు. ఆ ఒప్పుకోలే అతనికి కావలసిన మరణ వాంగ్మూలం. అలాంటివాడి ట్రక్కులోకి తనే, తన చేత్తో, ఆవిణ్ణి ఎక్కించి పంపింది. ఆ సిగ్గు ఆమెను నిలువునా కోసేసింది.

ఫిలోమినా ఫోన్ చాలాసేపు మోగింది.

"ఆఁ, చెప్పు తల్లీ."

బెర్నడెట్ ఊపిరి బిగపట్టి మాట మామూలుగా రానిచ్చింది. "ఇంటికి చేరారా ఫిలోమినా గారూ?"

"ఇంకా లేదమ్మా, బండిలోనే ఉన్నా. సరస్సు రోడ్డు మీద."

"సరస్సు రోడ్డా? ఇల్లు అటు కాదుగా?"

"ఐదింటికి ఇంకా టైముందిలే అన్నాడు నున్జియో. నీకే చేద్దామనుకుంటున్నా ఫోను. రెండేళ్ళ నుంచి మీ మెట్లెక్కి దిగుతున్నా చూడు, మా లొరెయిన్ ఎక్కడుందో వీడికి తెలుసట! ఇన్నాళ్ళూ చెప్పలేకపోయాడట పాపం, ఇవాళ మనసు విప్పాడు. చూపిస్తానంటున్నాడు." ఆమె గొంతులో నాలుగు రోజులుగా లేని ప్రాణం లేచొచ్చింది. "ఆల్డో పోయాక నాకిక ఏ మంచి కబురూ రాదనుకున్నా."

"ఫిలోమినా గారూ, నా మాట వినండి. ఫోన్ చెవి దగ్గరే ఉంచండి. బండి ఆపగానే దిగి, మనుషులు కనిపించే వైపు..."

"ఆగిందమ్మా, వచ్చేశాం. ఇక్కడెవరూ లేరు, అంతా తెల్లగా ఉంది. సరస్సు గడ్డకట్టింది కదా, మంచు మీద కొంచెం దూరం నడవాలంటున్నాడు. నేను నడవగలనులే."

ఫోన్‌లో ట్రక్కు తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది.